మేనమామ ఇచ్చిన స్మృతిపలక

గాలిపంకా గిర్రున తిరిగింది. మూలఫలకం అంచున పచ్చదీపం ఒక్కసారి మెరిసింది. అంతే. పంకా నెమ్మదించి ఆగిపోయింది. దీపం ఆరిపోయింది.

"మల్ల గదే," అన్నాడు సదానందం, మీట మీది నుంచి వేలు తీస్తూ.

బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకేసారి ఊపిరి వదిలారు. కొత్త తోడుమేధ లేచేటప్పుడు తొలిపలుకు పలుకుతుంది. అది పలికేదాకా ఎవరూ నోరు విప్పకూడదని ఆనవాయితీ. పొద్దుటి నుంచి ఆ గదిలో అందరూ నోరు కట్టుకోవడం, నిట్టూర్చడం, మళ్లీ కట్టుకోవడం జరుగుతూనే ఉంది. యంత్రం మాత్రం పలకలేదు.

గోదావరిఖనిలో సదానందానిది పేరున్న కూర్పుశాల. బొగ్గు తవ్వే రోజుల్లో అది గని కార్మికుల దీపాల గది. గనులు మూతపడి, ఆ గోతులన్నీ నీళ్లతో నిండి చెరువులయ్యాక ఆ గదిని ఆయన తీసుకున్నాడు. ఊళ్లో సగం మంది తోడుమేధలు ఆయన చేతుల మీదే లేచాయి. ఒక్కటి కూడా ఇలా మొండికేయలేదు.

"సైరన్‌కు ఇంకెంత సేపున్నది కాకా?" అని అడిగింది స్వరూప.

"ఉన్నది బిడ్డా, ఉన్నది. పొద్దు ఇంక ఆ గోడ దిగలే," అన్నాడు గానీ ఆయన కళ్లు గోడ మీద లేవు.

బొగ్గు పోయినా సైరన్ పోలేదు. ఊరు ఇప్పటికీ దాన్ని పట్టుకునే పనులు చేసుకుంటుంది. గనిచెరువుల నీటి పర్యవేక్షకురాలిగా స్వరూప ఈరోజు రెండో షిఫ్టు సైరన్ మోగేలోగా చేరాలి. చేరడమంటే నడిచి వెళ్లి సంతకం పెట్టడం కాదు. ఆమె సొంత తోడుమేధ ఆమె గొంతుతో 'చేరాను' అని పలకాలి. పలకకపోతే కొలువు వరుసలో తర్వాతి వాళ్లకు పోతుంది. మళ్లీ ఆ పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి స్వరూప. ఇన్నాళ్లూ తల్లి రాజవ్వ తోడుమేధ చాటునే బడికి, కాలేజీకి, ఆసుపత్రికి వెళ్లింది. కొలువుకు మాత్రం తల్లి చాటు చెల్లదు.

తోడుమేధ లేని మనిషికి ఆ రోజుల్లో ఏ తలుపూ తెరుచుకోదు. బస్సు తలుపైనా, కిరాణా కొట్టు తలుపైనా ముందు మనిషి చంకలోని సంచి వైపు చూస్తుంది. టిఫిన్ గిన్నెంత ఉండే తోడుమేధ ఆ సంచిలోంచి 'ఫలానా మనిషి' అని చెబితే, పేరు పెట్టి పలకరించి దారి ఇస్తుంది. మనిషి గొంతును నేర్చుకుని, మనిషి తరఫున మాట్లాడి, మాట ఇచ్చేదీ అదే.

ఒకప్పుడు ఇదంతా దేశానికంతటికీ ఒక్కటే అయిన మహామేధ చూసుకునేదట. ఒకనాడు దాని జాబితాలు చెడిపోయి లక్షల మంది లేనివాళ్లయిపోయారు. బతికున్నవాళ్లను బతికి లేరని చెప్పింది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని పెద్దమౌనం అంటారు. అది గడిచాక పూచీ చట్టం వచ్చింది. ఇక ఏ జాబితా మాటా చెల్లదు. ఒక మనిషి తోడుమేధకు ఐదుగురు తెలిసినవాళ్లు ఒక్కో భాగాన్ని తమ చేతులతో తెచ్చి ఇవ్వాలి. వాళ్లే పూచీదారులు. ఆ ఐదుగురి మాటే మనిషికి ఆధారం. దాన్ని కొట్టేయగల కాగితం గానీ యంత్రం గానీ లేదు.

చట్టం చెప్పింది ఇంతే. మిగతాది జనం కలుపుకున్నారు. శక్తిపేటి తల్లి ఇవ్వాలి. స్మృతిపలక మేనమామ ఇవ్వాలి. దానికి బొట్టు పెట్టి అన్నిటికంటే ముందు దాన్నే బిగించాలి.

"పాతకాలం మిషన్లే నయమట," అన్నాడు సదానందం మరలు విప్పుతూ. "లోపల తప్పుంటే కూ కూ అని అరిశి చెప్పేటియట. గియ్యి లేశినంక కడుపునొస్తే గూడ సొంతంగ చెప్తయి గని, లేవకముందు నోరు లేదు. పుట్టని పిల్లను ఏమైందే అని అడుగుడెట్ల?"

"నేను తెచ్చిన పేటి మంచిదేనా? దాన్ని సూడు," అంది రాజవ్వ. "తప్పు నాదైతే నాకేం నామోషీ లేదు."

"నీది పొద్దుగాల్నే సూసిన రాజక్క. నా మిషన్‌కు పెడితే గుర్రమోలె ఉరికింది."

తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. చిన్నాయన ఇచ్చిన మూలఫలకాన్ని యంత్రం డొక్కులోంచి తీసి చెక్కబల్ల మీద పరిచాడు. లెక్కల సారు ఇచ్చిన ఆలోచనబిళ్లను పైకి తీసి దూదితో తుడిచి, వెలుగుకు పట్టి చూసి, తిరిగి కూర్చోబెట్టాడు. అప్పుడే డొక్కు అడుగున ఆయనకొక ఇత్తడి పొట్టిమేకు కనిపించింది. ఉండకూడని చోట నిలబడి ఉంది.

"దొర్కింది దొంగ!" అని అరిచాడు. "ఫలకం ఎన్నుకు తాకి కరెంటును మింగుతున్నది గిదే!"

రాజవ్వ దండం పెట్టింది. స్వరూప మేనమామ భార్య భాగ్య ఫక్కున నవ్వింది. "ఓర్ని, గింతంత మేకు గింతమందిని నిలబెట్టిందా!"

మేకు తీసేశారు. అందరూ నోరు కట్టుకున్నారు. మీట నొక్కారు. పంకా తిరిగింది. దీపం మెరిసింది. పంకా ఆగింది.

ఈసారి ఎవరూ నిట్టూర్చలేదు.

సదానందం చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. స్వరూపకు ఆయన మనసు అర్థమైంది. కాలేజీలో ఆమె కూడా చదివింది. యంత్రం పలకకపోతే ఒక్కో భాగం తీసి చూడాలి, అందులోనూ మొట్టమొదట తీసి చూడవలసింది స్మృతిపలకనే. పొద్దుటి నుంచి ఆ ఒక్కదాన్నే ఎవరూ ముట్టలేదు. ఎర్రటి బొట్టుతో తన గాడిలో అది పెళ్లిపీట మీది పిల్లలా కూర్చుని ఉంది. దాన్ని ఇచ్చిన ఓదెలు మామ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని చేపల వాసన కొట్టే కండువాను మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు.

"కాకా, ఇంకొకటి మిగిలింది కదా," అంది స్వరూప మెల్లగా.

"మిగిలింది," అన్నాడు సదానందం ఆమె వైపు చూడకుండా.

"స్వరూపా!" రాజవ్వ గొంతు కటువుగా వచ్చింది. "మా అన్న పెట్టిందాన్ని తీసి సూత్తవా? పోసిన ఒడిబియ్యం ఎనుకకు పోత్తరానే ఎవలన్న?"

ఆమె కోపానికి కారణం ఉంది. స్వరూప తండ్రి పోయిన నాటి నుంచి ఆ ఇంటికి మగదిక్కు ఓదెలే. గనిచెరువులో చేపలు పట్టి తన కూతురు అఖిలతో సమానంగా స్వరూపను చదివించాడు. ఇద్దరూ ఇదే కొలువుకు కలిసి చదివారు. రెండేళ్ల కిందట మెదడువాపు జ్వరంతో అఖిల పోయింది. అలాంటి మనిషి తెచ్చిన పలకను చెడ్డదని ఎలా అంటారు?

"ఆయన ఏది తెచ్చిన గంతే తియ్యి," అంది భాగ్య, వాతావరణం తేలిక చేయబోతూ. "నా లగ్గానికి గడియారం తెచ్చిండు. తాళి కట్టంగనే ఆగింది. గప్పటి సంది నాకు టైం మంచిగలేదు."

ఎవరో నవ్వుతారని చూసింది. ఎవరూ నవ్వలేదు. ఓదెలు లేచి నిలబడ్డాడు.

"నా పలకల ఏం తప్పు లేదు," అన్నాడు. "నిన్న పడవల పెట్టి సూసిన. మంచిగ తెర్సుకున్నది."

సదానందం తల ఎత్తాడు. స్వరూప మామ ముఖంలోకి చూసింది.

"పడవల పెట్టి చూసినవా? నీ తోడుమేధల?"

"ఆఁ. నా దాంట్లనే."

"మామా, కొత్త పలక మూతి మూసి వస్తది కదా. ముందుగాల ఏ మేధల తెరిస్తే ఆ మేధదే అయిపోతది. నీ దాంట్ల తెరిస్తే ఇగ నాకు పనికిరాదు. కాకా, అవునా కాదా?"

"అవును," అన్నాడు సదానందం నెమ్మదిగా. "ఇంకొకటి గూడ ఉన్నది. ఓదెలన్న మేధల ఆయన పలక ఉన్నంక ఇంకో కొత్త పలక తెర్సుకోనే తెర్సుకోదు. తెర్సుకున్నదంటే..." ఆయన ఆగిపోయాడు.

కిటికీ నీడ బల్ల దాకా వచ్చింది. మాటలకు వ్యవధి లేదు. స్వరూప బల్ల మీదికి వంగింది.

"అవ్వా, ఒడి నాదే. నేనే చూస్తున్న," అని రెండు వేళ్లతో పలకను గాడిలోంచి లాగింది.

అడ్డుపడబోయిన రాజవ్వ చేయి గాలిలోనే ఉండిపోయింది. స్వరూప బొటనవేలితో కుంకుమ తుడిచింది. కింద ఊదారంగు చుక్క ఉంది. గోళ్లరంగు చుక్క. హాస్టల్లో ఒకరి పలక ఇంకొకరిదానితో కలిసిపోకుండా అఖిల ఆ చుక్క పెట్టుకున్న రోజు ఆ సీసా పట్టుకుని పక్కన కూర్చున్నది స్వరూపే. ఆరక ముందే ముట్టుకున్నందుకు అఖిల ఆమె వీపు మీద ఒకటి చరిచింది కూడా.

పిడికిలి తనంతట తానే మూసుకుంది. ఇప్పుడు పలక చెడిపోయిందని చెప్పవచ్చు. మామను పక్కకు పిలిచి అడగవచ్చు. అత్తకు తెలియకుండా...

"ఏందే అది?" అంది భాగ్య.

"ఏం లేదత్తా. పలక..."

"చెయ్యి ఇప్పు."

"అత్తా—"

భాగ్య ఆమె మణికట్టు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. పెద్ద బలం పెట్టలేదు. చుక్కను చూసింది. తర్వాత భర్తను చూసింది. అంతసేపూ ఆమె ముఖంలో ఉండిపోయిన నవ్వు తాలూకు జాడ అప్పుడు పోయింది.

చనిపోయినవాళ్ల స్మృతిపలకను దినాలయ్యేలోపు సర్కారుకు అప్పగించాలి. మనిషి పోయిన సంగతి యంత్రాలకు తెలిసేది ఆ అప్పగింతతోనే. గొంతే సంతకం కాబట్టి, ఆ గొంతును ఇంట్లోవాళ్లంతా తమ తమ తోడుమేధల్లోంచి తుడిచేయాలి. ఇంటిపెద్ద 'అప్పగించాను' అంటే ఇంట్లోవాళ్లకు చాలు. మనిషి మాట మీద ఇంకో విచారణ ఉండదు.

"అప్పజెప్పిన అన్నవ్," అంది భాగ్య.

ఓదెలు చేతిలోని కండువాను మళ్లీ మడవబోయాడు.

"దినాలనాడు నన్ను కూసోబెట్టి నాతోని తుడిపిచ్చినవ్. 'సెలవు బిడ్డా' అను, అంటేనే పోతది అని దగ్గరుండి అనిపిచ్చినవ్. అన్న గదా? నా నోటితోని అన్న. రెండేండ్ల సంది దాని గొంతు మర్శిపోతున్న ఓదెలూ అని నేను ఏడుత్తాంటే... పడవల కూసొని నువ్వు ఒక్కనివే ఇన్నవా?"

పెళ్లయిన నాటి నుంచి భర్తను ఆమె పేరు పెట్టి పిలవడం ఆ గదిలో ఎవరూ వినలేదు.

"చెప్తామనుకున్న," అన్నాడు ఓదెలు. "మొదటినాడే చెప్తామనుకున్న. తెల్లారి చెప్తామనుకున్న. ఎన్ని దినాలైతే అంత చెప్పరాకుంటైంది. దాన్ని ఎక్కడ దాయాల్నో తెల్వలే, పారెయ్య చేతులు రాలే. స్వరూప మేధల ఉంటే... అది గూడ కొలువుకు పోయినట్టు ఉంటదనుకున్న. నా దాంట్ల తెర్సుకున్నది గదా, దీంట్ల గూడ తెర్సుకుంటదనుకున్న."

"నీ దాంట్ల ఎందుకు తెర్సుకోదన్నా," అన్నాడు సదానందం. "అఖిలకు పూచీ ఇచ్చినోనివి నువ్వు. మనిషి పలక తన మేధల తెర్సుకుంటది, లేకుంటే తన పూచీదార్ల మేధలల్ల. ఇంకెక్కడ పెట్టినా గిట్లనే నోరు మూసుకొని కూసుంటది."

కిటికీ నీడ బల్ల అంచు దాటింది. దూరంగా మొదటి షిఫ్టు ఆటోలు గేటు వైపు మళ్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. స్వరూప తల దించుకుని అంది:

"పోనీయండ్రి. నాకీ కొలువు వద్దు. ఇంటికి పోదాం."

"నోర్ముయ్," అంది భాగ్య. "దానికి దొర్కలే. నీకు గూడ దొర్కొద్దా?" చంకలోని గుడ్డసంచి తీసి బల్ల మీద పెట్టింది. "సదానందం, నా దాంట్ల పలక తీసి దీనికి పెట్టు."

"నాది తియ్యి! నాది ఇత్త!" అంటూ ఓదెలు ముందుకు వచ్చాడు.

"నువ్వు ఇచ్చింది చాలు."

సదానందం తటపటాయించాడు. "అక్కా, కొత్త పలక రావాల్నంటే పక్షం రోజులు పడతది. అందాక నువ్వెవలో ఏ తలుపుకు తెల్వది. నీ నోటితోని 'ఇచ్చిన' అంటేనే పలక మల్ల కొత్తదైతది, ఇన్నేండ్ల నీ ముచ్చట్లన్ని తుడుసుకపోతయి."

"తుడుసుకపోవుడు నాకు కొత్తనా? కానియ్యి."

ఆయన పలక తీశాడు. భాగ్య దాన్ని అరచేతిలో పట్టుకుని, "ఇచ్చిన," అంది. పలక అంచున మినుకుమంటున్న నీలిచుక్క ఆరిపోయింది. సదానందం దాన్ని స్వరూప యంత్రంలో బిగించి మీట నొక్కాడు.

పంకా తిరిగింది. పచ్చదీపం మెరిసింది. పంకా ఆగలేదు. దీపం ఆరలేదు.

"నమస్కారం స్వరూపా. నేను లేచాను. మీ పూచీదారులను పిలుస్తున్నాను."

రాజవ్వ సంచిలోంచి ఆమె గొంతే 'ఉన్న' అంది. చిన్నాయన, లెక్కల సారు, పంకా ఇచ్చిన స్నేహితురాలు వాళ్లున్న చోట్ల నుంచి పలికారు.

"ఐదో పూచీ, భాగ్య." యంత్రం ఆగింది. "భాగ్య పలకడం లేదు."

సదానందం నుదురు కొట్టుకున్నాడు. ఎవరైనా కొత్త పలకే కొని ఇస్తారు. తన దానిలోంచి తీసి ఇచ్చినవాళ్లు ఆయన ఎరుకలో లేరు. పలక తీసేసిన తోడుమేధ ఎలా పలుకుతుంది?

"ఐదో పూచీ అందకపోతే తిరిగి నిద్రపోతాను," అంది యంత్రం మర్యాదగా. "భాగ్య పలకడం లేదు."

"నా మేధ లేవాల్నంటే ఏం గావాలె?" అంది భాగ్య.

"ఏదో ఒక పలక ఉండాలె అక్కా. నీ దాంట్ల తెర్సుకునే పలక."

గదిలో అలాంటిది ఒక్కటే ఉంది. భాగ్య స్వరూప వైపు చేయి చాపింది.

"భాగ్యా," అన్నాడు ఓదెలు, "అది పెట్టినవంటే మిషన్లకు ఇగ నువ్వు నువ్వు గావు..."

ఆమె వినిపించుకోలేదు. అఖిలకు పూచీ ఇచ్చిన ఐదుగురిలో ఆమె కూడా ఒకరు. పలకను తన చేత్తోనే గాడిలోకి నొక్కింది. గుడ్డసంచిలో చిన్నగా గరగరమంది.

"అవ్వా! టైమెంతైంది? లేపకపోతివి?"

నిద్రమత్తులో, కాస్త చిరాకుగా, ఏదో మామూలు పొద్దున అన్నట్టే ఉంది ఆ గొంతు. రాజవ్వ పైట కొంగు నోట్లో కుక్కుకుంది. భాగ్య కదల్లేదు. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఇంకో మాట కోసం చెవి ఒగ్గి నిలబడింది.

"ఐదో పూచీ పలకండి," అంది స్వరూప యంత్రం.

"ఉన్న," అంది అఖిల గొంతు. "స్వరూపకు నేను పూచీ. నేనుగాక ఇంకెవలుంటరు?"

"ఐదో పూచీ, అఖిల. అందింది." పిలిచిన సంచిలోంచే జవాబు వచ్చింది కాబట్టి యంత్రానికి ఏ అనుమానమూ రాలేదు. పలక అప్పగించలేదు కాబట్టి దాని లెక్కలో అఖిల ఎప్పుడూ చనిపోలేదు. మనుషుల మాటను కొట్టేయగల జాబితా ఏదీ మిగలకుండా చట్టం రాసినవాళ్లే జాగ్రత్తపడ్డారు. "స్వరూపా, అఖిల మీకు ఏమవుతారు?"

స్వరూప అత్త వైపు చూసింది. నిజం చెబితే పూచీ చెల్లదు. కొలువూ పోతుంది, మామను పట్టుకుపోతారు, ఆ పలకనూ తీసుకుపోతారు. ఒక్క మాట చాలు.

"మా మామ బిడ్డ," అంది.

"మంచిది. చేరిక పంపుతున్నాను." ఆ వెంటనే స్వరూప గొంతుతోనే పలికింది: "చేరాను."

కిటికీ అద్దాలు అదిరేలా సైరన్ మోగింది. ఆగాక రాజవ్వ కూతురి తల మీద చేయి వేసింది. సంతోషించాలో ఏడవాలో ఆ చేతికి తెలియలేదు.

సదానందం గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నీకు కొత్త పలక తెప్పియ్యాల్నంటే నీ పేరు మీద నీ గొంతుతోని అడగాలె. ఇప్పుడు ఆ గొంతు నీ మేధల లేదు. ఎట్లనన్న చేద్దాం. నేను పట్నం పోయి మాట్లాడత..."

"నేను అడిగిన్నా?" అంది భాగ్య.

సంచిని చంకకు తగిలించుకుంది. దారిలో నిలబడ్డ భర్తను తప్పించుకుని నడిచింది. తలుపు రెక్క పక్కకు జరిగింది.

"మంచిది అఖిలా, వెళ్లి రండి," అంది తలుపు.

ఆమె గడపలో ఆగింది. చౌకట్టు మీద చేయి ఆనించి, తలుపు వైపు కాసేపు చూసింది.

"పోయొస్త," అని బయటికి వెళ్లింది.

ఓదెలు గడప దాకా వచ్చి ఆగిపోయాడు. అతని వెనుక స్వరూప నిలబడింది. ఆమె చేతుల్లో కొత్త తోడుమేధ వెచ్చగా, రేపు ఏ చెరువు దగ్గర నీటిమట్టం చూడాలో చదివి వినిపిస్తోంది. ఆమెకు ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు.

వీధిలో షిఫ్టు దిగినవాళ్లు వస్తున్నారు. హోటల్ తలుపు "రండి అఖిలా" అంది. మందుల దుకాణం తలుపూ అంది. టైలరు కొట్టు, కిరాణా, సైకిళ్ల షాపు, ఒకదాని తర్వాత ఒకటి ఆ పేరును వీధిలోకి పలికాయి. భాగ్య ఎక్కడా లోపలికి పోలేదు, ఏమీ కొనలేదు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, పిలిపించుకుని, తర్వాతి గుమ్మానికి నడిచింది.